ముందు తలుపు, తర్వాత లిఫ్టు

మంజూష ఫోను బల్ల మీద గుర్రుగుర్రుమంటూ అంచుదాకా జరిగింది. చాప మీద కూర్చున్న యూకేజీ పిల్లలంతా తలలెత్తి చూశారు. క్లాసులో ఫోను తియ్యకూడదని బడి నియమం. కానీ తెర మీద కేదార్ పేరు కనిపించింది. పెళ్లయి ఇంకా మూడు నెలలు నిండలేదు. ఆ పేరు చూసి చెయ్యి ఆపుకోవడం ఎవరివల్లనైనా అవుతుందా?

"మంజూ! ఓనరుగారు సరేనన్నారు. పంజాగుట్ట ఫ్లాటు మనదే! రేపు పొద్దున మంచిదట, పాలు పొంగించుకోమన్నారు."

అడగాల్సినవి ఎన్నో ఉండగా మంజూష నోటికి ఒకే ప్రశ్న వచ్చింది. "లిఫ్టుందా?"

"ఉంది మహారాణీ. పాతకాలంది, చేత్తో తలుపు లాగే రకం. ఉందా లేదా అంటే ఉంది."

ఖైరతాబాద్‌లో కేదార్ మేనత్త ఇంట్లో, హాలులో టీవీ ఎదురుగా కాపురం చేస్తున్నారు వాళ్లిద్దరూ. అత్తగారి సీరియళ్లన్నీ అయ్యేదాకా కొత్త దంపతులు దిండ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాల్సిందే. ఇక తమకంటూ ఒక తలుపు, దానికొక గడియ! ఆ గడియను తలుచుకుంటేనే మంజూషకు నవ్వు ఆగలేదు.

"టీచర్ నవ్వుతుంది," అన్నాడొక పిల్లవాడు.

"టీచరుకు కొత్త ఇల్లొచ్చింది. అందుకే ఇవాళ కొత్త కథ."

ఆ వారం పిల్లలకు నేర్పుతున్నది కథను వరసలో పెట్టడం. ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది, చివరికి ఏమైంది. బొమ్మల కార్డులు కలిపి ఇస్తే పిల్లలు వరస కుదిర్చి తాడుకు బట్టల క్లిప్పులతో తగిలించాలి. కార్డులు కొనిపెట్టేంత బడి కాదది. మంజూష తన పెళ్లిలో మిగిలిన శుభలేఖల వెనక బొమ్మలు గీసేది. ప్రతి కార్డు మూలలా పసుపు మరక. పిల్లలు వాటిని ఊరికే వాసన చూస్తుండేవాళ్లు.

అప్పటికప్పుడు నాలుగు గీసింది. బటన్ నొక్కడం. లిఫ్టు రావడం. తలుపు తెరవడం. లోపలికి అడుగు పెట్టడం.

పిల్లలు చకచకా కుదిర్చారు. హైందవి వంతు వచ్చింది. రెండు జడలు, ఎప్పుడూ ఆలోచిస్తున్నట్టుండే మొహం. ఆ పిల్ల బటన్ కార్డు తగిలించింది. దాని పక్కన తలుపు తెరిచే కార్డు పెట్టింది. ఆ తర్వాత లిఫ్టు.

"తప్పు కదా నాన్నా. లిఫ్టు రాకుండా తలుపెలా తెరుచుకుంటుంది?"

"తెరుసుకుంటది టీచర్. ముందు తలుపు, తర్వాత లిఫ్టు. నడుమ ఆగాలె. ఆగే కార్డేది?"

"ఆగే కార్డు లేదమ్మా, కథలో నాలుగే."

"మా బిల్డింగ్‌ల ఆగాలె."

"మీ బిల్డింగులో లిఫ్టు వెనక్కి నడుస్తుందా ఏంటి?" అంది మంజూష. పిల్లలు పొర్లి పొర్లి నవ్వారు. హైందవి కింది పెదవి ముందుకొచ్చింది. మళ్లీ అదే వరస పెట్టింది. మరోసారి కూడా అదే.

మంజూషకు ఆ రోజు ఎవరినీ ఏడిపించాలని లేదు. లోకమంతా తనలాగే సంతోషంగా ఉండాలనిపిస్తోంది. అందుకే ఒక పాట కట్టింది, చప్పట్లతో. "నొక్కుదాం చప్పట్! వచ్చేసింది చప్పట్! తెరుద్దాం చప్పట్! ఎక్కేద్దాం!" పదిసార్లు పాడేసరికి గోడలు మోగిపోయాయి. పాటతోపాటే హైందవి చేతులు కదిలాయి. కార్డులు సరైన వరసలోకి వచ్చాయి.

"శభాష్! ఇప్పుడు చెప్పు, తలుపు తెరుచుకుందంటే లోపల లిఫ్టు ఉన్నట్టేనా?"

హైందవి ఒక క్షణం తాడు వైపు చూసింది.

"ఉన్నట్టే టీచర్."

మంజూష ఆ పిల్ల చేతి మీద ఎర్ర స్టారు అతికించింది.

సాయంత్రం కేదార్ అమీర్‌పేట మెట్రో కింద బండి పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఇద్దరూ పంజాగుట్ట సందుల్లోకి వెళ్లి, వాననీళ్లకు నల్లబడ్డ ఒక ఐదంతస్తుల బిల్డింగు ముందు ఆగారు. వాచ్‌మన్ రాజనర్సయ్య తాళాలు పట్టుకొచ్చాడు.

"మూడో అంతస్తు సార్. మీరు పోన్రి, నేను నీళ్ల మోటర్ బంద్ చేసి వస్త."

లిఫ్టు కింద సిద్ధంగానే ఉంది. లోపల చిన్న అద్దం, పసుపుపచ్చని బల్బు. మంజూష అద్దంలో తననూ కేదార్‌నూ పక్కపక్కనే చూసుకుని మురిసిపోయింది. ఎంత బాగున్నాం! మన లిఫ్టులో మనం!

ఫ్లాటు చిన్నదే. వంటగట్టు మీద ఎవరో వదిలేసిన దీపపు మసి. కిటికీ తీస్తే పక్క హాస్టలు వాళ్ల బట్టలు. మంజూషకు అన్నీ నచ్చాయి. గడియ వేసింది, తీసింది, మళ్లీ వేసింది.

"దాన్ని ఇవాళే అరగదీసేస్తావా?" అన్నాడు కేదార్, మంచం ఎటు పడుతుందో జానలతో కొలుస్తూ.

"మీరు కొలవండి సార్. నేను కిందికెళ్లి పాలకి గిన్నె తెస్తాను. పాత గిన్నెలో పొంగించకూడదట, అత్తయ్యగారు చెప్పారు."

వరండాలో దీపం లేదు. మంజూష లిఫ్టు బటన్ నొక్కింది. ఎక్కడో కిందినుంచి గొలుసు కదిలిన చప్పుడు, ముసలివాడి మూలుగులా. గిన్నె స్టీలుదా, ఇత్తడిదా అని ఆలోచిస్తూనే తలుపు పట్టుకుని లాగింది. వచ్చేసింది. పెదవుల మీద పొద్దుటి పాట ఆడుతోంది. తెరుద్దాం, ఎక్కేద్దాం. కాలెత్తింది.

మొహానికి చల్లగాలి కొట్టింది. గ్రీజు వాసన.

పసుపుపచ్చని బల్బు లేదు. అద్దం లేదు. చీకట్లో నూనె మెరుపుతో ఒక ఇనుప తాడు మాత్రం వణుకుతోంది.

చెయ్యి తలుపు అంచును పట్టుకుంది గనుక ఒళ్లు వెనక్కి వచ్చింది. ఎత్తిన కాలికున్న చెప్పు మాత్రం రాలేదు, జారి చీకట్లో పడిపోయింది. మంజూష చెప్పు తగిలే చప్పుడు కోసం చెవి పెట్టింది. అది వచ్చేసరికి చాలాసేపు పట్టినట్టనిపించింది.

ఆ తర్వాత, తీరిగ్గా, దీపం పెట్టుకుని లిఫ్టు పైకొచ్చి ఆమె ముందు ఆగింది.

ముందు తలుపు. తర్వాత లిఫ్టు.

హైందవి మాట గుర్తొచ్చింది. 'మా బిల్డింగ్‌ల ఆగాలె.' పంజాగుట్ట నుంచి ఆటోలో వచ్చే పిల్ల. ఇదేనా ఆ బిల్డింగు? కాకూడదు. ఊళ్లో ఇలాంటి పాత లిఫ్టులు ఎన్ని లేవు?

పై అంతస్తులో చప్పట్లు వినిపించాయి.

"నొక్కుదాం..." చప్పట్.

సన్నని గొంతు. మంజూష ముందున్న లిఫ్టు దీపం మెల్లగా పైకి కదలబోయి, ఏదో అడ్డుపడ్డట్టు ఆగిపోయింది. తను పట్టుకున్న తలుపు ఇంకా తెరిచే ఉంది. వచ్చేటప్పుడు ఆగలేదు గానీ, ఒకసారి ఆగాక తలుపు మూసేదాకా లిఫ్టు మళ్లీ కదలదు. పైనేమో ఆ పిల్ల.

"వచ్చేసింది..." చప్పట్.

మంజూష తలుపు వదిలేసి మెట్ల మీద పరుగెత్తింది, ఒక కాలికి చెప్పు, ఒక కాలికి నేల. అరవాలనుకుంది. అరిస్తే ఉలిక్కిపడి ముందుకే పడుతుందేమో! మలుపు తిరిగేసరికి హైందవి కనిపించింది. రెండు చేతులా తలుపు లాగుతోంది. తలుపు వెనక నల్లటి గీత వెడల్పవుతోంది.

"తెరుద్దాం..."

మంజూష మలుపులోనే ఆగి, రోజూ క్లాసులో ఎలా చెబుతుందో అలాగే చెప్పింది. "హైందవీ. చేతులు కట్టుకో. నోటి మీద వేలు."

బడి అలవాటు. ఆలోచించకుండానే పిల్ల చేతులు తలుపును వదిలేశాయి. ఒక చెయ్యి నడుము చుట్టూ, ఇంకో చేతి వేలు నోటి మీద. తలుపు స్ప్రింగు దాన్ని ధభీమని మూసింది.

మంజూష మెట్టు మీద కూలబడి పిల్లను ఒళ్లోకి లాక్కుంది.

"టీచర్, మీరెట్లొచ్చిన్రు? మీ ఇంకో చెప్పేది?"

"ఆగకుండా తెరిచేశావేం తల్లీ?"

"నానమ్మ ఆగుమంటది. తలుపు తీసి ఆగు, దీపమొచ్చినంక ఎక్కు అంటది. మీరు తప్పన్నరు గద." ఎర్ర స్టారున్న చెయ్యి చూపించింది. "గందుకే మంచిగ చేస్తున్న."

మంజూష ఆ స్టారును గోటితో మెల్లగా గీకి తీసేసింది.

మూడో అంతస్తు నుంచి కేదార్, కింది నుంచి రాజనర్సయ్య పరుగెత్తుకొచ్చారు. ఎదురు తలుపు తీసుకుని హైందవి నానమ్మ సీతాబాయి బయటికొచ్చింది.

"ఏమైంది బిడ్డా? గీమె ఎవరు?"

"మా టీచర్, నానమ్మ. పాట చెప్పింది గద, గామె."

సీతాబాయి మనవరాలి మొహం చూసింది, తలుపు చూసింది. అర్థమైంది. "నేను జర పోపు పెట్టేటాల్కే బయటికొచ్చింది. రోజు ఆగుతది మేడం. రెండేండ్ల సంది ఒక్కనాడు తప్పలె."

"తలుపు తాళం పట్టుకుంటలేదమ్మా, మూడో అంతస్తుల, నాల్గో దాంట్ల," అన్నాడు రాజనర్సయ్య తల గోక్కుంటూ. "లిఫ్టు లేకున్న తెరుసుకుంటది. బిల్డింగ్ ప్రెసిడెంట్ సారుకు చెప్పిన. మెకానిక్ వస్తడు వస్తడంటుండు. మనోల్లందరికి ఎరికనే, సూసి ఎక్కుతరు."

"మాకు ఎరిక లేదు కదయ్యా!" కేదార్ గొంతు పెరిగింది. "తాళాలిచ్చేటప్పుడే చెప్పొద్దా?"

"మర్సిపోయిన సార్. అలవాటైపోయింది."

అలవాటైపోయింది. ఆ మాట ఆ వరండా చీకట్లో అలాగే నిలబడిపోయింది.

కింది అంతస్తులో ఎవరో లిఫ్టు పిలిచారు. గొలుసు మళ్లీ మూలిగింది. అందరూ ఉలిక్కిపడ్డారు. రాజనర్సయ్య కరెంటు మెయిన్ ఆపడానికి మెట్లు దిగి పరుగెత్తాడు. కేదార్ బండికున్న తాడు తెచ్చి, రెండంతస్తుల్లోనూ తలుపు పిడులను మెట్ల రెయిలింగుకు ముళ్ల మీద ముళ్లు వేసి కట్టేశాడు.

మంజూష మాత్రం లేవలేదు. ఆమెకు చాప మీది మిగతా పిల్లలు కనిపిస్తున్నారు. అందరూ పాట నేర్చుకున్నారు, అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు. ఎర్రమంజిల్ క్వార్టర్లలో ఒకరు, అమీర్‌పేట సందుల్లో కొందరు. ఏ బిల్డింగులో ఏ తలుపు ఎలా అలవాటైపోయిందో ఆమెకేం తెలుసు? ఈ క్షణం ఎక్కడో ఒక చిన్న చెయ్యి చప్పట్లు కొడుతూ ఉండొచ్చు.

ఫోను తీసి క్లాసు తల్లిదండ్రుల గ్రూపులో రాసింది. 'ఈ సాయంత్రం పిల్లల్ని ఒంటరిగా లిఫ్టు దగ్గరికి పంపకండి. నేను నేర్పిన పాట పాడితే ఆపించండి. దయచేసి చదివినవాళ్లు జవాబివ్వండి.' ఒకటి, రెండు, నాలుగు జవాబులొచ్చాయి. మిగతా పేర్ల పక్కన ఇంకా ఏమీ లేదు.

"జవాబు రానివాళ్లకి ఫోన్లు చేద్దాం పద," అన్నాడు కేదార్. "పాలు ఇంకో రోజు పొంగిద్దాంలే."

"పాలు రేపు పొద్దున్నే, ఇక్కడే. ప్రెసిడెంటుగారిని కూడా పిలుస్తాను, మెట్లెక్కి రమ్మని. మెకానిక్‌కి ఆయనచేతే, నా ఎదురుగా ఫోను చేయిస్తాను." మంజూష హైందవి జడలు సవరించింది. "అది కాగానే బడి. నువ్వూ నేనూ రేపు అందరికన్నా ముందు వెళ్దాం, మెట్ల మీద దిగి. నానమ్మ కూడా వస్తారు. ఆగే కార్డు నువ్వే గీస్తావు. నానమ్మ నీకెలా చెప్పిందో, అలాగే అందరికీ చెప్పాలి."

"ఆగే కార్డుల ఏం బొమ్మ టీచర్?"

"నువ్వు తలుపు తీసినప్పుడు లోపల ఏం కనిపిస్తుందో, అదే."

"నల్లగుంటది," అంది హైందవి. "రేపు నల్ల స్కెచ్ పెన్ తెస్త."