బావగారి తాళంకప్ప

తలుపుకి బయట తాళం వేసింది మా బావే. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే మా చుట్టాల్లో తిరుగుతున్న కథ వేరు. అందులో తాళం వేసిందెవరో తీసిందెవరో అంతా తారుమారైపోయింది.

బావ సిమెంటు డీలరు. అమ్మకాలు బాగా చేసిన డీలర్లను కంపెనీ విదేశం తీసుకెళ్తుంటే ఆయనకూ పిలుపొచ్చింది. అక్క ఎలాగూ వెళ్ళాలి. నన్నెందుకు తీసుకెళ్ళారంటే, మా రెండు వైపులా ఇంగ్లీషులో నాలుగు మాటలు తడుముకోకుండా మాట్లాడగలిగేది నేనొక్కదాన్నే. డిగ్రీ దాకా వచ్చిందీ నేనొక్కదాన్నే. పదో తరగతి చాల్లే అని నాన్న అన్నప్పుడు పట్టుబట్టి నన్ను కాలేజీలో చేర్పించింది బావే. ఆ మేలు నేను ఏనాడూ మరిచిపోలేదు. ఆయన నన్ను ‘డిగ్రీగారూ’ అంటారు. విమానంలో మంచినీళ్ళు కావాలన్నా, బసలో ఇంకో దుప్పటి కావాలన్నా, “డిగ్రీగారూ, కాస్త మీ నోటికి పని చెప్పండి” అనేవారు. నేనూ సంతోషంగానే చెప్పేదాన్ని.

పెద్ద హోటల్లో గదులు చాలక కంపెనీవాళ్ళు మమ్మల్ని పక్క సందులోని మూడంతస్తుల లాడ్జిలో దింపారు. దాన్ని నడిపేది ఒక నడివయసు ఆవిడ. కింద ఆవిడ కాపురం, పైన అద్దె గదులు. మాది పై అంతస్తు. గది తలుపుకి మామూలు తాళం ఉంది గానీ, దాని మారు తాళంచెవి ఇంటావిడ దగ్గర ఉంటుంది కదా, అందుకని బావకి నమ్మకం లేదు. ఇంటి దగ్గర్నుంచి పెట్టెలో ఇత్తడి తాళంకప్ప తెచ్చుకున్నారు. అరచెయ్యంత ఉంటుంది. తలుపుకి బయట పాతకాలపు గొళ్ళెం కనబడేసరికి ఆయన ముఖం విప్పారింది. బయటికి వెళ్ళినప్పుడల్లా తాళం వేయడం, లాగి చూడడం, కాసిని మెట్లు దిగాక అనుమానం వచ్చి వెనక్కెళ్ళి మళ్ళీ లాగి చూడడం. అక్కా నేనూ చాటుగా నవ్వుకునేవాళ్ళం.

ఆ పొద్దున నేను స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని బట్టలు ఉతుకుతున్నాను. అక్క వరండా చివర తువ్వాళ్ళు ఆరేస్తోంది, బావ గదిలో ఉన్నారు. ఉన్నట్టుండి బకెట్లో నీళ్ళు ఒక పక్కకి ఒరిగి నా కాళ్ళ మీద పడ్డాయి. కళ్ళు తిరుగుతున్నాయేమో అనుకున్నాను. గోడనున్న అద్దం ఊడి పడ్డాక గానీ అర్థం కాలేదు. గదిలోకి పరిగెత్తాను. బావ లేరు. మంచాలు కదులుతున్నాయి, బీరువా తలుపులు టపటపా కొట్టుకుంటున్నాయి. వాకిలి తలుపు లాగాను. రాలేదు. మళ్ళీ లాగితే అవతల తాళంకప్ప గలగలమంది. నాకు బాగా తెలిసిన చప్పుడు అది. కిటికీ వైపు పరిగెత్తాను.

కిటికీకి ఇనుప చువ్వలున్నాయి. కింద ఖాళీ స్థలంలో జనం, జనంలో అక్కా బావా. గొంతు చించుకుని పిలిస్తే బావ తలెత్తి చూశారు. దిగి రమ్మని చెయ్యి ఊపారు. తాళం, తాళం అని అరుస్తూ తలుపు వైపు చూపించాను. అప్పుడు ఆయన చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. తడుముకుంది. ఆయన మెట్ల వైపు చూశారు. సరిగ్గా అప్పుడే భూమి ఇంకోసారి కదిలింది. చెయ్యి జేబు మీదే ఉంది, మనిషి ఉన్నచోటే ఉన్నారు.

వచ్చింది ఇంటావిడ. తన మారుచెవితో తన తాళం తిప్పింది, తలుపు తోసింది, రాలేదు. బయట వేలాడుతున్నదాన్ని అప్పుడు చూసినట్టుంది, ఏదో తిట్టింది. ఏ భాషలోనైనా తిట్టు తిట్టులాగే వినబడుతుంది. తర్వాత ఆవిడ మెట్లు దిగిపోతున్న చప్పుడు విని నేను ఏడ్చేశాను. కానీ ఆవిడ ఇనుపకడ్డీ పట్టుకుని మళ్ళీ వచ్చింది. గొళ్ళెం చెక్కతో సహా ఊడొచ్చింది. ఆవిడ అరచెయ్యి చీరుకుపోయింది. ఆ రక్తం చేత్తోనే నా రెక్క పట్టుకుని, పెచ్చులు రాలిన మెట్ల మీదుగా కిందికి లాక్కొచ్చింది. బయటపడ్డాక, రెండో చేత్తో పట్టుకొచ్చిన గొళ్ళేన్నీ దానికి వేసింది వేసినట్టే ఉన్న తాళాన్నీ నా చేతిలో పెట్టింది, మీ సామాను మీరు తీసుకోండి అన్నట్టు.

బావ కంగారులో అలవాటుకొద్దీ తాళం వేసేశారంటే నేను ఒప్పుకుంటాను. భయమేసి పైకి రాలేదన్నా ఒప్పుకుంటాను, నేను మాత్రం ఏం వీరనారినని. కానీ తర్వాత జరిగింది మాత్రం నాకు మింగుడుపడలేదు.

మధ్యాహ్నానికి మమ్మల్నందరినీ ఊరి చివర రేకుల కప్పున్న ఒక హాల్లోకి చేర్చారు. బావ ఫోను పట్టుకుని కూర్చున్నారు. లాడ్జి ఆవిడ బయట తాళం పెట్టుకుని పారిపోయిందట. జనం వద్దంటున్నా ఆయనే పైకెళ్ళి తలుపు బద్దలుకొట్టారట. ఒక్కో ఫోనుకీ తలుపు మందం పెరుగుతోంది. చివరికి ఫోను నాకిచ్చారు. అవతల నాన్న ఏడుస్తున్నాడు. బావ కాళ్ళకి దణ్ణం పెట్టుకోమన్నాడు. ఫోను బావకి తిరిగిచ్చేశాను.

అక్కని పక్కకి పిలిచి కిటికీలోంచి చూసిందంతా చెప్పాను. అంత ఎత్తునుంచి ఏం కనబడుతుందే అంది. ఆయన పదిమందిలో తిరిగే మనిషి, కడుపులో పెట్టుకో అంది.

“నేనెక్కడని నువ్వైనా అడగలేదా అక్కా?”

“అడగకేం? ముందే దిగిపోయిందిలే అన్నారు...” అని ఆగిపోయింది. 

అక్కడితో పోయినా నేను నోరు మూసుకునేదాన్నేమో. సాయంత్రం ఆ ఊరి అధికారి ఒకాయన లాడ్జీల సంగతి విచారించడానికి హాలుకి వచ్చాడు. మా కంపెనీ మేనేజరు అప్పటికే ఆయనకి బావ కథ చేరవేశాడు. అలాంటి లాడ్జిలో మనుషుల్ని ఎందుకు దింపారని రేపు కంపెనీనే అడుగుతారు కదా, తప్పు ఇంటావిడ మీదికి పోతే మేనేజరుకీ హాయి. మనుషుల్ని లోపలుంచి తాళం వేసిందని తేలితే లాడ్జి మూసేయించడమే కాదు, ఆవిడ మీద కేసు కూడా పెడతారని మేనేజరే చెప్పాడు, ఏదో శుభవార్త చెబుతున్నట్టు. ఇంటావిడని పిలిపించారు. చేతికి కట్టుతో వచ్చి నిలబడింది. నన్ను చూడగానే నవ్వి, దెబ్బలేమైనా తగిలాయా అని సైగ చేసింది.

“చెప్పండి డిగ్రీగారూ” అన్నారు బావ. “తాళం వేసి పారిపోయింది ఈవిడేనని ఆయనకి ఇంగ్లీషులో చెప్పండి.”

ఒళ్ళు మండిపోయింది. నన్ను కాపాడిన మనిషి మెడకి నా నోటితోనే ఉరి బిగించాలట.

“నేను చెప్పను బావా.”

“ఏం, ఇంగ్లీషు మరిచిపోయారా?”

“అబద్ధం కాబట్టి చెప్పను.”

ఆయన నవ్వు ఆరిపోయింది. “నిన్ను చదివించింది ఇందుకా?” అన్నారు, గొంతు తగ్గించి.

“మీరు చదివించారు కాబట్టే, నా చదువుతో ఈ పని చేయించకండి.”

హాల్లో మాకిచ్చిన సంచిలోంచి గొళ్ళెంతో సహా తాళంకప్ప తీసి బల్ల మీద పెట్టాను. ఇది ఆవిడదైతే చెవి కూడా ఆవిడ దగ్గరే ఉండాలి కదా, అడగమనండి అన్నాను. మేనేజరు నన్ను పక్కకి రమ్మని, ఇది కంపెనీ పరువమ్మా, ఇంట్లో గొడవలు ఇంటికెళ్ళి తేల్చుకోండి అన్నాడు. నేను కదల్లేదు. బావ ఆ తాళాన్ని ఎప్పుడూ చూడనట్టే చూశారు. లోకంలో ఇలాంటివి ఎన్ని లేవు అన్నారు.

అప్పుడు అక్క లేచింది. నన్ను బయటికి లాక్కుపోతుందనుకున్నాను. బావ ఎదురుగా నిలబడి చెయ్యి చాపింది.

“చెవి ఇవ్వండి.”

“నీకెందుకే, కూర్చో.”

“ముందే దిగిపోయిందన్నారు నాతో. చెవి ఇవ్వండి.”

ఆయన ఇవ్వలేదు. అక్క తనే ఆయన చొక్కా జేబులో చెయ్యి పెట్టి తీసింది. తాళంకప్పలో పెట్టి తిప్పితే టక్కున ఊడింది. ఎంతైనా మంచి తాళం.

అధికారికి ఇక నా ఇంగ్లీషుతో పని లేకపోయింది. అయినా చెప్పాను. బకెట్టు దగ్గర్నుంచి మొదలుపెట్టి, జేబు మీది చెయ్యి కూడా వదలకుండా, నిదానంగా చెప్పాను. ఆయన విని, ఇంటావిడ కట్టుకట్టిన చేతిని ఒకసారి చూసి, ఆవిడని ఇంటికి వెళ్ళమని చెప్పి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక నాన్న నాతో సరిగా మాట్లాడడం లేదు. అన్నం పెట్టిన చెయ్యి నరికానట. చుట్టాలకి బావ చెప్పిన కథే నచ్చింది, అందులో తలుపు ఇప్పుడు ఇనపదైంది. ఇంటావిడ ఊసే లేదు. అందుకే ఇదంతా రాశాను.

తాళంకప్పని బావ తిరుగు ప్రయాణంలో భద్రంగా పెట్టెలో సర్దుకున్నారు. చెవి మాత్రం ఇప్పటికీ అక్క దగ్గరే ఉంది. ఆయన ఎన్నిసార్లు అడిగినా ఇవ్వడం లేదట.