రెండు ముర్రా గేదెలు

పూటకు ఆరు లీటర్లు, రెండు పూటలకు పన్నెండు, పచ్చిగడ్డి ముప్పై కిలోలు, దాణా నాలుగు, కాదు, దాణా మూడేనా, నెట్ సెంటరు జయప్రకాశన్న ఏమన్నాడు, భాను కళ్లు మూసుకుని మళ్లీ మొదటి నుంచి వల్లించింది, మండలాఫీసు వరండాలో బల్ల మీద తనతో పాటు ఇంకో పదిమంది, అందరి ఒళ్లోనూ అవే ప్లాస్టిక్ ఫైళ్లు, లోపల ఇంటర్వ్యూ గదిలో ఫ్యాను గరగరమంటోంది, బేరింగ్ పోయింది, ఇంకో నెల తిరిగితే గొప్పే, అయ్యో, ఇప్పుడు ఫ్యాను సంగతెందుకు, ముర్రా, పూటకు ఆరు లీటర్లు, నిరుద్యోగులు సొంతంగా ఏదైనా పెట్టుకుంటే సర్కారు సబ్సిడీ మీద రుణమిస్తుందంటే ఆరు నెలల కింద నెట్ సెంటరుకు పోయింది, ఏం యూనిట్ రాయాలె చెల్లే అన్నాడు జయప్రకాశన్న, మోటర్ వైండింగ్ అన్నా అంది, అతను కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండానే నవ్వాడు, ఆడపిల్లవు, మోటర్లు గీటర్లంటే ఫైలు పక్కన పడేస్తరు, రెండు ముర్రా గేదెలు రాస్తున్న, అందరికీ అదే రాస్తున్న, జల్దీ వస్తది, ఆమె సరే అంది, ఎందుకు సరే అందో ఇప్పటికీ తెలియదు.

తెలియకేం, భయం, రెండేళ్ల నుంచి ఖాళీగా కూర్చున్న మనిషికి ఎవరేం చెప్పినా నిజమే అనిపిస్తుంది, అంతకు ముందు ఆరేళ్లు సారపాకలో పిచ్చయ్య తాత షాపులో కాయిల్స్ చుట్టింది, రాగి తీగ వేళ్ల మధ్య జారుతుంటే నోట్లోనే లెక్క, ఒక్క చుట్టు తప్పినా మొత్తం విప్పించేవాడు ముసలాయన, చేతులకు వార్నిష్ వాసన స్నానం చేసినా పోయేది కాదు, తాతకు చూపు మందగించి షాపు మూసేశాక ఆ వాసన కూడా పోయింది, దాని కోసం ఏడ్చింది కూడా, ఇక ఈ గేదెలు, వాటిని చూస్తేనే ఒళ్లు జల్లుమంటుంది, ఫైల్లో పెట్టడానికి ఫోటో కావాలంటే పొరుగింటి ముత్తక్క గేదె పక్కన నిలబడింది, అది చున్నీ నోట కరిచి లాగింది, ఫోటోలో తను నవ్వుతున్నట్టు పడింది కానీ అది కేక, అమ్మ సోమమ్మ మాత్రం ఒక గేదెకు అప్పుడే గౌరి అని పేరు పెట్టేసింది, బొగ్గుబావిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన నాయన మంగయ్య పెరట్లో రెండు గుంజలు పాతి రోజూ కదిపి చూస్తున్నాడు, ఇద్దరూ అంత ముచ్చట పడుతుంటే నాకు వద్దని ఎట్లా అంటుంది, ఇప్పుడు కూడా గేటు బయట చాయ్ బండి దగ్గర వాళ్లిద్దరూ ఎదురుచూస్తున్నారు, ఇది పోతే ఇంకో రెండేళ్లు ఇంట్లోనే, పూటకు ఆరు లీటర్లు, పేరు పిలిచారు.

గదిలో మధ్యన మేడం, పక్కన బ్యాంకు మేనేజరు సారు, ఎన్ని లీటర్లమ్మా అంటే ఆరు అంది, దాణా అంటే నాలుగు అంది, బాగానే పోతోంది, ఇంతలో సారు కళ్లజోడు సర్దుకుని గేదె వయసు ఎట్ల చెప్తవమ్మా అన్నాడు, జయప్రకాశన్న ఇది చెప్పలేదు, కొమ్ములా, తోకా, నెత్తి మీద ఫ్యాను గరగర, ఇక లాభం లేదు, నాకు గేదెలు తెల్వయి సార్ అనేసింది, గొంతు తనదేనా, మరెందుకు రాసినవ్ అంది మేడం, అందరికీ అదే రాస్తున్నరు మేడం, సారు నవ్వాపుకుంటున్నాడు, మేడం నవ్వలేదు, మరి నీకేం తెలుసు అంది, మోటర్లు మేడం, కాలిన మోటరు వాసన పడితేనే తెలుస్తది, విప్పి చూస్తే రెండు ఫేజుల చుట్లు మాడి మూడోది మంచిగున్నదనుకోండి, తప్పు మోటరుది కాదు, కరెంటుల ఒక ఫేజు పోయింది, రైతును తిట్టొద్దు, అని ఇంకా ఏమేమో చెబుతూనే ఉంది, చేతులు గాల్లో తీగ చుడుతున్నాయి, ఎవరూ ఆపలేదు, చివరికి మేడం కాగితం ముందుకు జరిపి యూనిట్ మార్చమని అర్జీ రాసియ్యి అంది, రాసిస్తే మేడం ఎర్ర పెన్నుతో ఫైల్లో గేదెలు కొట్టేసి మోటర్ వైండింగ్ అని రాసింది, నీ పేరు పంపుతున్నం, షాపుకు గది చూసుకో, ఆ ఎర్ర గీత పడుతుంటే ఛాతీ మీద పడుకున్న రెండు గేదెలు లేచి పక్కకు పోయినట్టు ఊపిరాడింది.

వరండా దాటేసరికి ఆ తేలిక సగానికొచ్చింది, అమ్మకు ఎట్లా చెప్పాలి, గౌరి రాదని, నాయన గుంజలు ఏం గావాలి, చాయ్ బండి దగ్గర ఇద్దరూ లేచి నిలబడ్డారు, ఏమైంది బిడ్డా, గేదెలు రావు నాయనా, మోటర్లు రాసిన్రు, అని తల వంచుకుంది, తలెత్తి చూస్తే నాయన బల్ల మీద కూలబడి తువ్వాలతో మొహం తుడుచుకుంటున్నాడు, పోనీలే బిడ్డా, బతికిచ్చినవ్, నాకు కొమ్ములంటే చిన్నప్పటి సంది భయం, నీకు ఇష్టమని ఊకున్న, అమ్మ విసురుగా ఆయన వైపు తిరిగింది, గీ ముక్క ముందే చెప్పొచ్చుగా, మోకాళ్ల నొప్పులతోని పాలు ఎట్ల పిండాల్నో అని నాకు నిద్ర పడితే ఒట్టు, మరి గౌరి అని పేరెందుకు పెట్టినవే అమ్మా, నీ మొహం చూసి పెట్టిన, నువ్వు ఫోటోల అంతగనం నవ్వితివి, భానుకు నవ్వు ఆగలేదు, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది, ఎవరికీ అక్కర్లేని గేదెల్ని ఒకరి కోసం ఒకరు ఆరు నెలలు మేపారు ముగ్గురూ, నీకేం తెలుసు అని ఇవాళ ఆ మేడం అడిగింది కానీ, అడగకపోయినా ఆ మోటర్ల మాట మొదటి రోజే ఇంట్లో తను చెప్పాల్సింది.