మార్తమ్మ ఫోను చెయ్యని రోజు

కిందటేడు కీర్తికి రావలసిన ఉద్యోగం వాళ్ళమ్మ మార్తమ్మ ఫోన్ల వల్లే పోయింది. నరసాపురంలో ఒక ఆసుపత్రి, ల్యాబు టెక్నీషియను పని. పిల్ల డాక్టరుగారి ఎదుట కూర్చున్న అరగంటలో మార్తమ్మ పదకొండుసార్లు ఫోను చేసింది. ముందు మీ అమ్మగారితో మాట్లాడి రామ్మా అన్నాడాయన నవ్వుతూ. మాట్లాడి వచ్చేసరికి ఆ కుర్చీలో ఇంకో అమ్మాయి ఉంది.

ఇన్నాళ్ళకి మళ్ళీ అక్కడినుంచే పిలుపు. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కేముందు కీర్తి తల్లిచేత మాట తీసుకుంది, తానే చేసేదాకా ఫోను చెయ్యకూడదని. మొన్న ఆదివారం మందిరంలో పాస్టరుగారు చెప్పిందీ ఓర్పు గురించే. దేవుడు మనల్ని ఇన్నేళ్ళు ఓర్చుకున్నాడు, ఆ ఓర్పు మన ఇంట్లోవాళ్ళ దగ్గర చూపమన్నారు. ఆ మాట పక్కనున్న ఆడవాళ్ళ మంచికోసమే అనుకుని మార్తమ్మ గట్టిగా తలూపింది.

పదింటికి మార్తమ్మ వెళ్ళి పక్కింటి కామేశ్వరి అరుగుమీద ఆమెతోపాటు లేసు అల్లడానికి కూర్చుంది. కళ్ళు సూదిమీద, మనసు గోదావరిమీద. పంటు ఇంజను ఆగిపోయి సముద్రంకేసి కొట్టుకుపోతున్నట్టు ఒకసారి, కీర్తి చెప్పు జారి నీళ్ళలో పడ్డట్టు ఇంకోసారి.

పన్నెండయ్యేసరికి ఉండబట్టలేక రేవులో టికెట్లిచ్చే నూకరాజుకి ఫోను చేసింది. కీర్తికి చెయ్యనంది గాని, ఊళ్ళోవాళ్ళకి చెయ్యనని అనలేదు గదా.

"పంటు మునిగితే ముందు మునిగేది మా బావమరిదండి, నడిపేది ఆడే. ఇప్పుడే వచ్చి టీ తాగి వెళ్ళేడండి, ఆయ్," అన్నాడు నూకరాజు.

తరవాత నరసాపురంలో ఉన్న ఆడపడుచుకి చేసింది. ఆ తరవాత ఆసుపత్రి ఎదుటి టిఫిను కొట్టు నంబరు వెతుకుతుంటే, కామేశ్వరి ఆమె ఒళ్ళోంచి అల్లిన పువ్వు తీసి అరుగుమీద పెట్టింది. లేసు పువ్వు బల్లపరుపుగా పరుచుకోవాలి. దారం బిగలాగితే అంచులు లేస్తాయి. ఇదైతే గిన్నెలా నిలబడింది.

"ఇందులో పప్పు వడ్డించుకోవచ్చండి వదినగారూ," అంది కామేశ్వరి. "దీన్ని లేసు కొనే ఏజెంటు తీసుకోడు. మొత్తం విప్పండి."

"చెయ్యి దానంతటదే బిగుసుకుపోతోందండి."

"ఫోను చెయ్యలేదన్న పేరేగానీ, పొద్దుటినుంచీ పిల్లని లాగుతూనే ఉన్నారు."

మార్తమ్మకి నవ్వొచ్చింది, వెనకాలే సిగ్గూ వచ్చింది. ఫోను పక్కన పెట్టేసింది. ఆమె ప్రార్థన ఎప్పుడూ ఒక జాబితా. ఏ ఏ ప్రమాదాలు జరగొచ్చో వరసగా దేవుడికి గుర్తుచేసి, ఒక్కటీ మరిచిపోవద్దని చెప్పేది. ఇవాళ మాత్రం, ప్రభువా, పిల్లని నువ్వు చూసుకో, నా చెయ్యి కాస్త వదులు చెయ్యి అని ఊరుకుంది.

పువ్వు విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. భయం పోలేదు. వచ్చినప్పుడల్లా వేలికి చుట్టుకున్న దారాన్ని సడలించింది. మూడయింది, నాలుగయింది. ఫోను మోగలేదు. మూడు పువ్వులు చక్కగా పరుచుకున్నాయి. నాలుగోది కొంచెం లేచిందిగానీ కామేశ్వరి చూడనట్టు ఊరుకుంది.

అయిదింటికి ఆటో ఆగింది. కీర్తి ఒక్క పరుగున అరుగెక్కి తల్లి నుదురు ముట్టుకు చూసింది.

"నీకేమైందమ్మా? బయటికొచ్చి చూస్తే నీ దగ్గర్నుంచి ఒక్క ఫోనూ లేదు. చేస్తే ఎవరెత్తి ఏం చెబుతారోనని భయమేసి, చెయ్యకుండానే పరిగెత్తుకొచ్చేను."

"కాస్త ఓర్చుకోవాలమ్మా," అంది మార్తమ్మ.

కామేశ్వరి నవ్వాపుకోలేక సూది కింద పడేసుకుంది.

ఉద్యోగం వచ్చిందట, సోమవారంనుంచి రమ్మన్నారట. అంటే రోజూ రెండుసార్లు గోదావరి దాటాలి. వరదనీళ్ళూ, ఈదురుగాలీ, ఆఖరి పంటు తప్పిపోవడమూ అన్నీ మార్తమ్మ నాలిక చివరిదాకా వచ్చాయి. ఒక్క గుటకలో వాటన్నిటినీ మింగేసింది.

"అన్నం తిన్నావా?" అని అడిగింది.

తిన్నదో లేదో కీర్తికి గుర్తే లేదు.