వాడుకలో ఉన్న చాప

దీవుల దేశం రాజధాని అపియా బజారులో అపేలు కొట్టుకు వచ్చినవాళ్ళు నోరు తెరిచి చెప్పనక్కర్లేదు, ఇంట్లో ఏం జరిగిందో వాళ్ళ బేరం చెప్పేది. చేపల డబ్బాలు పెట్టెలకు పెట్టెలు అడిగితే చావు. పెట్టెలతో పాటు రంగు కాగితాలూ అడిగితే పెళ్ళి. ఉప్పు మాంసం బకెట్లూ కొత్త నడుముగుడ్డా కలిపి అడిగితే ఎవరికో పెద్దరికం కట్టబెడుతున్నారన్నమాట. ఆ కొట్టు ఇన్నేళ్ళు నిలబడింది జనం ఆకలి మీద కాదు, మర్యాద మీద. ఆకలి డబ్బాతో తీరుతుంది. మర్యాదకు పెట్టెలు కావాలి.

లెక్క తెలిసిన మనిషి ఒకడుండాలని ప్రభుత్వం అతన్ని పరిశోధన నిధి సంఘంలో వేసింది. జీతం లేదు, ఇచ్చే టీ వేణ్ణీళ్ళకు చుట్టం. అయినా అపేలు ఒక్క సమావేశమూ మానడు. దేశంలోకి ఏ యంత్రం రాబోతోందో ఊరికన్నా ముందు అక్కడ తెలుస్తుంది. ఈ ఏడు రాబోయేది సీమపనస పిండి పట్టే యంత్రం. నిధి మంజూరైతే ఆ యంత్రం అపేలు కొట్టు ద్వారానే దిగాలి. ఆ సంగతి సంఘంలో అందరికీ తెలుసు. చిన్న దీవిలో ఎవరి లాభం ఎక్కడుందో దాచడం కష్టం.

అడ్డం ఒకటే. నిధిలో మిగిలిన సొమ్ము తెలేసియాకు రావలసిన రెండో విడత. ఆమె విశ్వవిద్యాలయంలో చదువు చెబుతుంది. ఊళ్ళలో సరిహద్దు తగాదాలను పెద్దలు పోలీసు లేకుండా ఎలా తీర్చారో, వాళ్ళ నోటనే రికార్డు చేస్తోంది. సవాయి దీవిలో, సభల్లో ఊరి తరఫున మాట్లాడే ఒక ముసలి వక్త దగ్గర ఆరు తరాల తీర్పులున్నాయట. ఆయనకు చూపు పోయింది, ఈమధ్య ఊపిరీ సరిగ్గా ఆడటం లేదు. ఈ విడత ఆగితే ఆమె వెళ్ళలేదు. వచ్చే ఏటికి ఆయన ఉండకపోవచ్చు.

అపేలు అది విన్నాడు, జాలిపడ్డాడు, యంత్రానికే చెయ్యెత్తుదామనుకున్నాడు. జాలి వేరు, సరుకు వేరు.

సమావేశంలో లెక్కలు చూసే మరేతా గొంతు సవరించుకుంది.

"మొదటి విడతలో సగం చేపల డబ్బాలకూ ఉప్పు మాంసానికీ పోయిందండీ. ఇది పరిశోధనా, విందా?"

"సరుకు నా కొట్లోదే," అన్నాడు అపేలు. "మంచి సరుకు."

"మీ సరుకు సంగతి నేనడగలేదు బాబాయ్."

తెలేసియా నెమ్మదిగా చెప్పింది. "చేతులూపుకుంటూ వెళ్తే ఊరి సభలో కూర్చోబెడతారక్కా. కూర్చోబెట్టి వాన గురించి మాట్లాడతారు. తీర్పుల గురించి మాట్లాడాలంటే ముందు సభకు కానుక పెట్టాలి."

అధ్యక్షుడు ఇయోసేఫా తలాడించాడు. బడుల తనిఖీ అధికారిగా చేసి రిటైరైన మనిషి, స్వయంగా ఒక ఊరికి పెద్ద. "అది ఖర్చే. రాసుకో మరేతా."

"రాసుకుంటానండీ. కానీ మన ఊళ్ళలో పెట్టిన చెయ్యి ఉత్తగా తిరిగి రాదుగా. వాళ్ళేం ఇచ్చారు?"

"ఒక పంది. అక్కడే పంచేశారు," అంది తెలేసియా. "ఒక సన్నచాప."

గదిలో అందరూ కాస్త ముందుకు వంగారు. సన్నచాప అంటే పడుకునే చాప కాదు. పట్టులా మెత్తగా అల్లడానికి ఒక ఆడదానికి ఏళ్ళు పడుతుంది. చావుకీ పెళ్ళికీ చేతులు మారుతుంది, మారినకొద్దీ విలువ పెరుగుతుంది.

"ప్రభుత్వ సొమ్ముకు వచ్చిన చాప ప్రభుత్వానిదే," అంది మరేతా. "ఎక్కడుంది?"

"ఇచ్చేశాను."

"ఎవరికి?"

"ఒక చావుకి."

"ఎవరి చావుకి?"

తెలేసియా ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. "అది చెప్పనక్కా."

"చెప్పకపోతే రెండో విడత ఆపమనే నేను రాయాలి."

"రాయండి."

అపేలు ఆమె ముఖం చూశాడు. దొంగ ముఖం కాదు, మొండి ముఖమూ కాదు. బేరంలో తనకు నష్టమని తెలిసీ ధర దించని మనిషి ముఖం అది. అలాంటి మనిషి వెనకాల ఏదో ఉంటుంది. అప్పుడతనికి మార్చి నెల గుర్తొచ్చింది. ఇయోసేఫా తల్లి పోయింది. పెట్టెలు లారీకెత్తించి తనూ వెళ్ళాడు. జనం మధ్యలోంచి ఇద్దరాడవాళ్ళు ఒక చాప విప్పుకుంటూ వచ్చారు. అంచున ఎర్ర ఈకలు, ఒక మూల పాత అతుకు. వెనక అంచు పట్టుకుని నడిచినది ఈ పిల్లే. చావింటి వక్త ఆ చాప పేరు చెప్పగానే ఊరంతా కృతజ్ఞత పలికింది. ఆ గొడవలో ఇయోసేఫాకు ఏ చాప ఎవరు తెచ్చారో తెలిసే వీలు లేదు.

అపేలు లెక్క వేసుకున్నాడు. నోరు మూసుకుంటే యంత్రం. యంత్రం అమ్మేది ఒక్కసారి. కానీ ఈ రోజు చాపకు ప్రభుత్వం ముద్ర వేస్తే, రేపటి నుంచి చాప ఇచ్చేవాడు రసీదు అడుగుతాడు, తీసుకునేవాడు భయపడతాడు. చాపలు ఆగితే పెట్టెలూ ఆగుతాయి. పెట్టెలు ఆగితే కొట్టు ఎవరి కోసం?

"ఈ టీ తాగలేకపోతున్నాను," అంటూ లేచాడు. "అధ్యక్షా, ఒకసారి వరండాలోకి వస్తారా, గాలి పీల్చుకుందాం."

బయట ఇయోసేఫా నవ్వాడు. "ఏం, యంత్రం గురించేనా?"

"కాదు. మీ అమ్మగారి చావుకు ఎర్ర ఈకల చాప ఒకటి వచ్చింది. మూల అతుకు."

"బోలెడు వచ్చాయయ్యా. మా ఆవిణ్ణడగాలి."

"అడగండి. తెచ్చినవాళ్ళ పేరు కూడా అడగండి."

ఇయోసేఫా రేవు వైపు తిరిగాడు. "ఆ పిల్ల తల్లి మా అమ్మకు చెల్లెలి వరస," అన్నాడు. "లోపల చెప్పొచ్చుగా."

"చెబితే మీరు తిరిగివ్వాలి. చావుకొచ్చిన చాప తిరిగిస్తే పోయినావిడకు మర్యాదేనా?"

"విడత పోయినా ఫర్వాలేదనుకుందా?"

"నా ముందు కూర్చుని అనుకుంది. నేనైతే అనుకునేవాణ్ణి కాదు."

"నువ్వు చావుకు కూడా రసీదు ఇచ్చే మనిషివి," అన్నాడు ఇయోసేఫా. అయినా నడక లోపలికి తొందరగానే సాగింది.

కుర్చీలో కూర్చుని మరేతాతో, "ఆ చాప పోలేదు, నాకు తెలుసు. రాసుకో," అన్నాడు.

"ఎక్కడుందని రాయనండీ? ఆఫీసులోనా, గోదాములోనా?"

"వాడుకలో ఉంది."

"ఆ గడి లేదండీ."

"అయితే గియ్యి."

మరేతా అధ్యక్షుడి ముఖం చూసింది, తెలేసియా వంచిన తల చూసింది, అపేలు ఖాళీ కప్పు చూసింది. ఆమెదీ ఈ దీవే. స్కేలు తీసుకుని గడి గీసింది.

"ఇకమీద ఊరు ఇచ్చిన కానుక ఊరి ఆచారం ప్రకారం పోతుంది," అన్నాడు ఇయోసేఫా. "రాసి ఉంచుదాం, సొంతం చేసుకోవద్దు. ఇక రెండో విడత. ఆ పిల్ల మాకు చుట్టం, ఈ ఓటు నేను వెయ్యను. ఒప్పుకున్నవాళ్ళు చెయ్యెత్తండి."

అపేలు చెయ్యెత్తాడు. తక్కినవాళ్ళు అతని చేతి వంక ఆశ్చర్యంగా చూసి, వ్యాపారే ఒప్పుకున్నాక తమకేమని ఎత్తారు.

వారం తిరక్కుండా తెలేసియా కొట్టుకు వచ్చింది. పడవ మర్నాడు పొద్దున.

"ధర తగ్గించను," అన్నాడు అపేలు ముందే.

"అడగలేదుగా బాబాయ్."

"ముసలాయన ఎలా ఉన్నాడు?"

"ఉన్నాడు. మాట్లాడతానని కబురు పంపాడు. పోయినసారి తెచ్చిన చేపలు మరీ ఉప్పగా ఉన్నాయని కూడా చెప్పి పంపాడు."

అపేలు చేతిలో ఉన్న పెట్టె తిరిగి అరలో పెట్టాడు. నిచ్చెన ఎక్కి పైనుంచి టమాటా రసంలో వేసినవి దించాడు.

"ఇవి కాస్త ఖరీదు. కానీ ఆయన చాలాసేపు మాట్లాడాలి కదా," అన్నాడు.