ఖాళీ అయిన జాగ

పరీక్షకు పెట్టిన కంప్యూటర్ మళ్లీ పడిపోయింది, మొత్తం ఆగిపోయింది. తెర మీద నిలిచిపోయిన ఆఖరి వరుసలను తహూరా ఫోనుతో ఫొటో తీసుకుని, మీట నొక్కి దాన్ని తిరిగి లేపింది. అది లేచేలోపు గ్లాసు అడుగున మిగిలిన చాయ్ తాగింది. అది వేడిగా ఉందో చల్లారిందో ఆమె గమనించలేదు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచి సిద్దిపేటలో బస్సులు కదలడం లేదు. బొగ్గు గనులు ఆగిపోవడంతో కరెంటు ఎప్పుడుంటుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. కింద నిరసనగా రోడ్డు మీదే చేసే వంటా వార్పు కోసం రాళ్లు పేర్చి పొయ్యిలు పెడుతున్నారు. కట్టెల పొగా, మైకులోని నినాదాలూ కిటికీలోంచి లోపలికి వస్తున్నాయి.

తహూరా సన్నటి మనిషి. మణికట్టు బల్ల అంచుకు రాసుకుని రాసుకుని అక్కడ తోలు మొద్దుబారింది. భర్త షాదాబ్ మోటార్లకు వైండింగు చేసేవాడు. కామెర్లతో పోయాడు. ఆ తర్వాత ఆమె హైదరాబాదులో కిరాయిల్లు ఖాళీ చేసి, ఇక్కడ అత్త హుస్నాబీ దగ్గరికి వచ్చేసింది. వచ్చిన ఆడవాళ్లందరూ ఏడువమన్నారు. ఆమెకు ఏడుపు రాలేదు. భర్త పోయాక పాటించే ఇద్దత్ గడువు తీరిన మర్నాడు కంపెనీకి ఫోన్ చేసి, ఇంటి నుంచే పనిచేస్తానంది.

కంపెనీ తయారుచేసే ఆపరేటింగ్ సిస్టమ్ చిన్న చిన్న దవాఖానల్లోని యంత్రాలను నడుపుతుంది. దాని లోలోపలి భాగమైన కెర్నల్ తహూరా పని. ఏ ప్రోగ్రామ్ అడిగినా మెమరీలో కాస్త జాగ ఇవ్వడం, పని అయిపోయాక వెనక్కి తీసుకోవడం కెర్నల్ బాధ్యత. ఇప్పుడు ఒకచోట, జాగను వెనక్కి తీసుకున్నాక కూడా పాత చిరునామా ఇంకొకరి దగ్గర మిగిలిపోతోంది. ఆ ఖాళీ జాగలో ఎవరైనా తమ సరుకు పెడితే, కెర్నల్ దాన్ని తన సొంతమే అనుకుని నమ్ముతుంది. అంతే, యంత్రం వాళ్ల చేతికి పోతుంది. ఈ లోపాన్ని కనిపెట్టినవాళ్లు రేపు పొద్దున లోకానికి చెప్పబోతున్నారు. ఆలోపు దాన్ని సరిచేయాలి.

హుస్నాబీ గోడ పట్టుకుని, మోకాళ్లను ఈడ్చుకుంటూ పళ్లెంలో ఖట్టా, అన్నం తెచ్చింది.

“హీబా ఆటో మాట్లాడింది. సాయంత్రం అసర్ నమాజుకు ముందే ఆటో వస్తదట,” అంది.

హీబా హుస్నాబీ కూతురు. హుస్నాబాద్‌లో ఉంటుంది. ముసలామె ఇక అక్కడే ఉండిపోవడానికి వెళుతోంది.

“ఊ,” అంది తహూరా తెర మీంచి కళ్లు తిప్పకుండా.

“నేనీడ ఉన్నన్ని దినాలు నిన్ను మళ్ల పెండ్లికి ఎవ్వలూ అడుగరు బేటా. గీ ముసల్దాన్ని ఏం జేస్తమని ఎనుకకే పోతరు.”

“నన్నెవరు అడగాలె అమ్మీ?”

“గదే చెప్తున్న.” ఆమె పళ్లేన్ని కీబోర్డు పక్కకు జరిపింది. “అన్నం తిను ముందు.”

తహూరా తింటూనే చదివింది. చిరునామా తీసుకోవడానికీ, ఆ జాగను వాడుతున్నవాళ్ల లెక్కలో చేరడానికీ మధ్య రవ్వంత సందు ఉంది. సరిగ్గా ఆ సందులో ఇంకొకరు జాగను వదిలేస్తున్నారు. ఇంకెవరూ కదపకుండా ముందు తాళం వేసి, లెక్కలో చేరి, ఆ తర్వాతే చిరునామా తీసుకునేలా వరుసలను మార్చింది. మార్పు చాలా చిన్నది. దాన్ని యంత్రానికి ఎక్కించి, ఇందాక పడగొట్టిన పరీక్షనే మళ్లీ నడిపింది.

కంపెనీ నుంచి మైత్రి ఫోన్ చేసింది.

“దొరికిందా తహూరా?”

“దొరికింది. టెస్టు నడుస్తుంది.”

“పడిపోతలేదు కదా?”

“ఇప్పటిదాకైతే లేదు.”

“గొంతేంది అట్లుంది?”

“మంచిగనే ఉన్న.”

కింద ఆటో హారన్ మోగింది. డ్రైవర్ లింగమూర్తి పైకొచ్చి రేకు పెట్టెను భుజాన వేసుకుని దిగాడు. తహూరా అత్త మోచేయి పట్టుకుని ఒక్కో మెట్టూ దింపింది. పొయ్యిల దగ్గర ఆడవాళ్లు గరిటెలు పక్కన పెట్టి, ఆటోకు దారిచ్చారు.

హుస్నాబీ సీటులో సర్దుకుని తహూరా ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

“ఏమన్న చెప్తవా?”

తహూరా ఆలోచించింది. “మోకాళ్ల గోలీలు యాళకు వేసుకో అమ్మీ.”

ముసలామె చేతులు కాసేపు అక్కడే ఆగి, కిందికి దిగాయి. “ఖుదా హాఫిజ్ బేటా,” అంది.

ఆటో పొగలోకి వెళ్లి, మూల తిరిగింది. ఇప్పుడైనా ఏడుపు వస్తుందేమోనని తహూరా నిలబడే ఉంది. రాలేదు. ఎవరో “అమ్మా, పక్కకు జరుగుండ్రి, అన్నం గంజు దించుతున్నం,” అన్నారు. ఆమె జరిగింది.

పైకి వచ్చేసరికి పరీక్ష నడుస్తూనే ఉంది. యంత్రం పడిపోలేదు. ఇంకా కొంతసేపు చూసి, మార్చిన వరుసలకు చిన్న వివరణ రాసి మైత్రికి పంపించింది. “మస్తు మంచిగ చేసినవ్. ఇంక పడుకో,” అని జవాబొచ్చింది. కిటికీలో ఇంకా ఎండ ఉంది. కాసేపటికి కరెంటు పోయింది.

మంచినీళ్ల కోసం తహూరా వంటింట్లోకి వెళ్లింది. గూట్లో హుస్నాబీ పాన్‌కు రాసుకునే సున్నం డబ్బీ మూత తీసి ఉంది. లోపల ఆమె వేలితో తీసిన గాడి ఇంకా తడిగానే ఉంది.