ప్లస్సు గుర్తు

మా ఆయన మునీంద్ర మ్యూజియం డైరెక్టర్ అయ్యింది ఒక మట్టి మూస పుణ్యాన. బంగారం కరిగించే గిన్నె అది, గుప్పెట్లో పడుతుంది. ఇరవై ఏళ్ల కిందట మారికుప్పం బంగారు గని దగ్గర తవ్వుతుంటే దొరికింది. దాని మీద ఒక పక్క ప్లస్సు గుర్తు గీరి ఉంది. ఆ గుర్తు బ్రాహ్మీ లిపిలో 'క' అన్నాడు ఆయన. 'క' అంటే కనకం అన్నాడు. రెండు వేల ఏళ్ల నాటిదని నలభై పేజీల వ్యాసం రాశాడు.

ఆ వ్యాసానికి శుద్ధప్రతి రాసింది నేను. ఒక్క అక్షరాన్ని పట్టుకుని మాట ఎలా చెబుతారని అడిగాను.

"నీ బి.ఏ.కి అందే విషయం కాదులే ఇది" అన్నాడు.

ఆ 'క' మీదే ప్రమోషన్లు వచ్చాయి, సన్మానాలు జరిగాయి. శాలువాలు మడిచి బీరువాలో పెట్టే పని నాది. వాటిలో ఒక్కటీ ఉన్నిది కాదు.

మా అత్త ఆదిలక్ష్మమ్మకు కొడుకు మ్యూజియం ఒక్కసారి చూడాలని కోరిక. ఆరేళ్లుగా అడుగుతోంది. ఒకసారి మెట్లెక్కువ అన్నాడు; ఉన్నవి మూడు. ఇంకోసారి రంగులు వేస్తున్నారన్నాడు. రంగులు వేయడం ఏడాదిన్నర పట్టింది. పోయిన నెల కంటి డాక్టరు, ఆమె చూపు ఇక ఎక్కువ కాలం నిలవదన్నాడు. శుక్రవారం ఆయనకు చెప్పకుండా అత్తను ఆటోలో తీసుకెళ్లాను.

లోపల ఆయన బెంగళూరు నుంచి వచ్చిన ఇద్దరు నిపుణులకు అన్నీ చూపిస్తున్నాడు. అత్త గాజుపెట్టె ముందు ఆగి, ముఖం అద్దానికి ఆనించి చూసింది.

"ఇదేంది వీణా, మన మూస గదా. మీ మామ గని ఆఫీసులో బంగారు పరీక్ష చేసే కాడ పనిచేసేటప్పుడు ఎన్ని తెచ్చినాడో. నూనె పోసి దీపం పెడతా ఉంటిని. పగిలితే దిబ్బలో పారేస్తా ఉంటిని."

పక్కనున్న చీటీ చదివి వినిపించాను.

"రెండు వేల ఏండ్లా?" అని నవ్వింది అత్త. "ఆ ప్లస్సు మీ మామ మేకుతో గీసిందే. రెండోతూరి పరీక్షకు పోవాల్సిన దానికి గీస్తా ఉండె. ఆయనకు వచ్చిన రాత ఇంగ అదొక్కటే."

నిపుణులు ఇటు తిరిగారు. మా ఆయన గబగబా మా దగ్గరికి వచ్చి, "మెల్లగా మాట్లాడమ్మా" అన్నాడు, పెదవులు కదలకుండా.

కాదనలేదు. ఆశ్చర్యపోలేదు. ఆ దీపాలు వెలిగిన ఇంట్లోనే పెరిగాడు గదా.

"ఈమె ఎవరు సార్?" అని ఒక నిపుణుడు కన్నడంలో అడిగాడు.

మా ఆయనా కన్నడంలోనే చెప్పాడు: "గని కార్మికుల లైను ఇళ్లలో ఉండే ముసలామె. ఇక్కడివాళ్లకు ప్రతి రాయి మీదా ఒక కథ ఉంటుంది."

డెబ్బై ఏళ్లు ఈ జిల్లాలోనే బతికిన తల్లికి ఆపాటి కన్నడం రాదనుకున్నాడో, వచ్చినా పరవాలేదనుకున్నాడో. నేను నోరు తెరిచేలోపే అత్త నా చేయి గట్టిగా నొక్కింది. కొంగు సర్దుకుని కొడుకు వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

"చూసేది అయిపాయ సార్. మీ మ్యూజియం బాగుండాది."

ఆయన తలూపి, వాళ్లిద్దరినీ పక్క గదిలోకి తీసుకెళ్లాడు.