వాడేసిన బత్తాయి తొక్కలు

తొంభై ఎనిమిదిలో మాదాపూర్‌లో కంప్యూటర్ కంపెనీల అద్దాల మేడ లేచేనాటికి, అక్కడి జ్యూస్ బండ్ల దగ్గర మిగిలే బత్తాయి తొక్కలన్నీ మణికొండ పోచమ్మవి. రోజూ రెండు గోనెసంచులు మోసుకెళ్లి బర్రెకు పెట్టేది. ఆమెకున్నది ఆ ఒక్క బర్రె. దాని పాలతోనే ఇల్లు గడిచేది. ఆ తొక్కలు నేను లాక్కున్నాను. కొట్టి కాదు, బండివాళ్లకు మా కంపెనీ పేరు చెప్పాను, అంతే. చదువుకున్నవాడు లాక్కునే పద్ధతి అదే.

"బర్రె తినే తిండి మోరినీళ్లల్ల పోస్తరా సారూ?" అని అడిగింది పోచమ్మ.

నవ్వాను. కెమిస్ట్రీ చదివినవాణ్ని మరి. తొక్కల్ని ఎండబెట్టి, మందులో నానబెట్టి, మళ్లీ ఆరబెట్టి డ్రముల్లో నింపితే, మేడలోంచి వచ్చే మురుగునీటిలోని నైట్రేట్‌ను అవి పట్టేసుకుంటాయి. లేకపోతే అదంతా చెరువులో కలిసి, నాచు పెరిగి, చేపలు చస్తాయి. ఆరేళ్లు దీని వెనకే తిరిగాను. మా ఆవిడ నన్ను తొక్కల విశ్వేశ్వరరావు అనేది. చివరికి పని చేసింది. ఆ రోజు ల్యాబులో చిన్నపిల్లాడిలా గెంతాను.

పట్టుకున్న నైట్రేట్ ఎక్కడికి పోతుంది? తొక్కల్లోనే ఉంటుంది, నీళ్లతో కడిగినా పోదు. వాడేసిన తొక్కల్ని లోతుగా పాతిపెట్టాలి. గొయ్యి తవ్వించడం రేపు, ఎల్లుండి అంటూ వాయిదా వేశాను. కంచె బయట కుప్ప పోయించి, ముట్టుకోవద్దని బోర్డు పెట్టించాను. ఇంగ్లీషులో. అక్కడి బోర్డులన్నీ ఇంగ్లీషువే, ఒక్కటి తెలుగులో ఉంటే బాగుండదనుకున్నాను.

కంపెనీ పెద్దలు మా మురుగునీటి ప్లాంటు చూడ్డానికి వస్తారనగా ముందు రోజు పొద్దున, మా వాచ్‌మన్ కిష్టయ్య రొప్పుతూ వచ్చాడు. పోచమ్మ అతనికి వరసకు అక్క.

"సారూ, మా అక్క బర్రె పడిపోయింది. జర మీ స్కూటర్ మీద పశువుల డాక్టర్‌ను తోల్కరండ్రి" అన్నాడు. నా మొహం చూడలేదు.

డాక్టర్ చలపతిరావును ఎక్కించుకుని వెళ్లాను. బర్రె పక్కకు ఒరిగి ఎగశ్వాస తీస్తోంది. పొదుగు నిండా పాలున్నాయి. దూడను దూరంగా కట్టేశారు. డాక్టర్ చెవి దగ్గర సూది గుచ్చితే వచ్చిన నెత్తురు ఎర్రగా లేదు, కాఫీ డికాషన్‌లా ఉంది. తొట్టి అడుగున తొక్క ముక్కలు నాలుగు అంటుకుని ఉన్నాయి. చూడగానే గుర్తుపట్టాను, మా కుప్పలోవే.

"ఏం పెట్టావమ్మా? నైట్రేట్ ఎక్కినట్టుంది. అదే అయితే నీలం మందు ఎక్కించాలి, మిథిలీన్ బ్లూ. నా దగ్గర లేదు. ఏం తిన్నదో చెబితే ఎక్కడైనా తెప్పిద్దాం" అన్నాడు డాక్టర్.

పోచమ్మ కిష్టయ్యను చూసింది. తర్వాత నన్ను చూసింది.

"గడ్డే పెట్టిన సారూ. గడ్డి, తవుడు."

అబద్ధమని నాకు తెలుసు. ఆ నీలం మందు నా ల్యాబు బీరువాలో సీసాడు ఉంది. తొక్కల్ని పరీక్షించడానికి రోజూ వాడేదే. స్కూటర్ మీద పది నిమిషాలు. కానీ నోరు విప్పితే రేపు ఎవరూ రారు, ప్లాంటు ఉండదు, నా ఆరేళ్లు బూడిదలో పోసినట్టే. ఇంకాసేపు చూద్దాం, అదే లేస్తుందేమో అనుకున్నాను. పిరికివాడికి సాకులకు కరువా?

బర్రె ఇంకో అరగంట బతికింది.

డాక్టర్ వెళ్లిపోయాక పోచమ్మ నా దగ్గరికి వచ్చింది. ఏడవడం లేదు. కొంగు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"తప్పయింది సారూ. మీ తొక్కలు అడగకుండ తెచ్చిన. పారేసినయే కదా అన్నడు కిష్టయ్య. మూడుసార్లు కడిగే పెట్టిన. దొంగసొమ్ము అచ్చిరాలె. వాని నౌకరి మాత్రం తియ్యకుండ్రి."

కిష్టయ్య తల వంచుకుని నా జవాబు కోసం చూస్తున్నాడు.

"సరేలే, ఈసారికి వదిలేస్తున్నాను" అన్నాను.